ఆళ్లగడ్డలో విప్పిన సద్ది

మా వీధి చివర కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు మెట్లకు పరిచే నల్లరాయిని వాకిట్లోనే పెట్టి మిషనుతో కోయిస్తున్నారు. దుమ్ము లేవకుండా ఒకతను పైపుతో నీళ్లు పోస్తూ ఉంటాడు. నిన్న పొద్దున పాలప్యాకెట్టు కోసం అటువైపు వెళ్తుంటే తడిసిన రాతిపొడి వాసన గుప్పున తగిలింది. తొలకరికి మట్టి నుంచి లేచే వాసన గురించి ఎంతోమంది ఎంతో చెప్పారు, ఇక నేను చెప్పేదేమీ లేదు. రాతిపొడి వాసన వేరు. చల్లగా, కాస్త ఇనుము కలిసినట్టుగా, పీలిస్తే గొంతు దాకా దిగే వాసన అది. అది తగిలితే నాకు ఆకలేస్తుంది. ఈ మాట మా కోడలితో అంటే "రాయి వాసనకు ఆకలేందత్తా?" అని పడీపడీ నవ్వింది. ఎందుకు వేస్తుందో చెప్పాలంటే నంద్యాలలో మా పాత్రల అంగడి దగ్గర మొదలుపెట్టాలి.

మాది ముందు అంగడి, వెనక ఇల్లు. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, కంచు గిన్నెలు, పెళ్లిళ్లకు కొనే పెద్ద గంగాళాలు, అప్పుడప్పుడే గూళ్లు ఆక్రమిస్తున్న స్టీలు క్యారియర్లు, వీటన్నిటి మధ్యా మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి ఉండేది. వీధిలోకి పోవాలన్నా, వీధిలోంచి ఇంట్లోకి రావాలన్నా అదే దారి, వేరే వాకిలి లేదు. బండి ఆత్మకూరు వైపు పల్లెల నుంచి పెళ్లి పాత్రల కోసం వచ్చినవాళ్లు నేల మీద బారుగా కూర్చుని ఉంటే, నాయన ఒక్కొక్క గిన్నెనూ తీసి వేలి కణుపుతో టంగుమని కొట్టి ఆ మోత వినిపించేవాడు. మోత ఎంతసేపు నిలిస్తే కంచు అంత మంచిదని ఆయన లెక్క. బేరాలు నడుస్తున్నంతసేపూ అమ్మ ఇవతలికి వచ్చేది కాదు. పరాయి మగవాళ్ల మోకాళ్లు దాటుకుంటూ పోవడం ఆమెకు ఇష్టముండేది కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా బేరాలే కనుక, అమ్మకు వీధి అంటే గిన్నెల సందులోంచి కనిపించే ఒక వెలుతురు ముక్క.

నాయన అంగడి మూసేది ఏడాదికి ఒక్కరోజు. భాద్రపదంలో, మా ఇలవేల్పు నరసింహస్వామి దర్శనానికి అహోబిలం వెళ్లేవాళ్లం. ఆ ఒక్కరోజూ అమ్మది. ఏ చీర కట్టుకోవాలో శ్రావణంలోనే అనుకునేది, ఏం వండాలో పొయ్యి దగ్గర తనలో తనే చెప్పుకునేది. నేను చెప్పబోయే ఏటికి ముందు ఏడు మేము సరిగ్గా గడప దాటబోతుండగా ఒక పెళ్లివాళ్లు ట్రాక్టరులో దిగారు. నాయన షట్టరు మళ్లీ ఎత్తాడు. సాయంత్రం దాకా బేరం సాగింది. అమ్మ చీర మార్చుకుని మడత పెట్టి పెట్టెలో పెట్టింది. ఆ మడత పెట్టడం చూసి నాకు ఏడుపొచ్చింది. అందుకే ఆ ఏడు వినాయక చవితి అయిన దగ్గర్నుంచీ నేను దేవుడికి దండం పెట్టుకున్నది ఒకే ఒక సంగతికి, పెళ్లివాళ్లు ఎవరూ రాకూడదని. వాన సంగతి దేవుడికి చెప్పాలని నాకు తట్టనే లేదు.

ముందురోజు సాయంత్రం నుంచే ఇల్లంతా ఘుమఘుమలాడింది. అమ్మ చింతపండు పులుసు చిక్కగా కాచి చిత్రాన్నం కలిపింది, అందులోకి బుడ్డలు దోరగా వేయించి పొట్టు ఊదింది. మా వైపు వేరుశనగల్ని బుడ్డలంటాం. బెల్లం, శనగపప్పు పూర్ణం పెట్టి చేసిన భక్ష్యాలు నెయ్యి కారుతూ ఆకుల్లో చుట్టుకున్నాయి. పెరుగన్నంలోకి అల్లం, పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి కలిపింది. రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి ఒక గిన్నెకు, నూనె వంకాయ ఇంకో గిన్నెకు పోను, తమ్ముడు దారిలో అలిగితే పెట్టడానికి బొరుగులు, బెల్లంముక్కలు వేరే మూట. అంగడిలోని క్యారియర్లలో అన్నిటికంటే పెద్దదాన్ని నాయనే తెచ్చిచ్చాడు. మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, స్వామికి కొట్టడానికి టెంకాయ, పసుపు, కర్పూరం తన సంచిలో సర్దుకుని, ఆ సంచిని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తలాపున పెట్టుకుంది.

తెల్లవారేసరికి వాన. పెద్ద వానేం కాదు, విసుగు లేకుండా కురిసే సన్నవాన. నాయన అంగడి మెట్టు మీద నిలబడి ఆకాశం వైపు చూశాడు, వీధి వైపు చూశాడు. ఆ రెండో చూపు నాకు నచ్చలేదు. ఏ ట్రాక్టరూ రాలేదు. షట్టరు గరగరమని కిందికి దిగింది. ఆ చప్పుడు సంవత్సరం పొడుగునా విన్నదే, కానీ పొద్దున పూట దిగుతుంటే వినడానికి ఎంత బాగుంటుందో చెప్పలేను. ఒక గొడుగు కింద జేజి, తమ్ముడు, ఇంకో గొడుగు కింద అమ్మ, నేను, తల మీద తువ్వాలుతో క్యారియరు మోస్తూ నాయన, అందరం బస్టాండు చేరాం.

బస్సులో అమ్మ కిటికీ పక్క సీటు అడిగి మరీ కూర్చుంది. అద్దం తెరిస్తే జల్లు కొడుతుందని జేజి గొణిగినా వినకుండా సగం తెరిచి, చెంప తడుస్తున్నా పట్టించుకోకుండా బయటికే చూసింది. నీళ్లు నిలిచిన వరిమళ్లు, వాన బరువుకు తలలు వంచిన పత్తిచెట్లు, గోనెపట్ట కప్పుకుని బర్రెలను తోలుకుపోయే ముసలివాళ్లు, ఎడమవైపు మబ్బుల్లో సగం మునిగిన నల్లమల. ప్రతిదాన్నీ నాకు చూపించింది. కొంగలబారు లేస్తే తమ్ముడికంటే ముందు అమ్మే కేకేసింది. ఆళ్లగడ్డ వచ్చేదాకా ఆమె నోరు మూతపడలేదు.

ఆళ్లగడ్డలో దిగి అహోబిలం బస్సు ఎక్కాలి. బస్టాండులో జనం మూటల మీద కూర్చుని ఉన్నారు. నాయన వెళ్లి కండక్టరును అడిగాడు.

"అహోబిలం బస్సు లేదప్పా. వాగు రోడ్డు మీద పోతాంది. ఈపొద్దు ఆశ పెట్టుకోవాకండి," అన్నాడు కండక్టరు.

నాయన మా దగ్గరికి వచ్చి, అటువైపు ఆగి ఉన్న నంద్యాల బస్సు చూపించాడు. "దాంట్లో పోదాం పదండి. మద్దేనానికి అంగడి తెరుస్తాం," అన్నాడు. ఆ గొంతులో దర్శనం కాలేదన్న బాధ ఉంది, అంగడి తెరవొచ్చన్న ఊరట కూడా ఉంది. రెండోది కాస్త ఎక్కువే. నేను అమ్మ ముఖం చూశాను. పెట్టెలోకి పోయే చీర నా కళ్ల ముందు కదిలింది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. నలుగురు ఉన్నచోట అమ్మ నాయనతో నేరుగా మాట్లాడేది కాదు. చెప్పాల్సింది జేజికో, నాకో, ఎవరూ లేకపోతే పిల్లికో చెప్పేది. నాయన అది విని జవాబు కూడా వాళ్లకే చెప్పేవాడు. అలా మా పిల్లికి ఇంటి సంగతులన్నీ తెలుసు. ఆ రోజు అమ్మ క్యారియరును ఒళ్లో పెట్టుకుని, బెంచీ మీద నుంచి లేవకుండా, తాపీగా జేజి వైపు తిరిగింది.

"అత్తా, సద్ది కట్టుకోని గడప దాటినాక, దాన్ని బయట విప్పకుండా మళ్లా ఇంట్లోకి తేకూడదంట గదా? ఇంటికి మంచిది కాదంట గదా?"

జేజి అమ్మ వైపు చూసింది. క్యారియరు వైపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"అవు నాయనా. మా అమ్మ చెప్తానే ఉండె. కట్టిన సద్ది కట్టినట్టే తిరిగి తెస్తే అంగడికి దెబ్బ."

"ఈ మాట నేనెప్పుడూ విన్లేదే?"

"సగం దోవలో ఎప్పుడన్నా తిరుక్కున్నామా, వినేదానికి?"

నాయన వ్యాపారస్థుడు. ఇంటికి మంచిది కాదంటే ఆలోచించేవాడేమో, అంగడికి దెబ్బ అంటే ఆలోచన లేదు. "అయితే ఈడనే విప్పండి, బేగా తిని పోదాం," అన్నాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "పాపా, బస్టాండులో కుక్కల మధ్య కూచ్చోని తినే ఖర్మ మనకేందీ అని మీ నాయన్ని అడుగు."

నేను అడగాల్సిన పని లేకుండానే నాయన క్యారియరు అందుకున్నాడు. కాస్త నీడ, కాస్త శుభ్రం ఉన్న చోటు వెతుక్కుంటూ హైవే వెంబడి నడిచాం. మా వెనక నంద్యాల బస్సు కదిలిపోయింది. మధ్యాహ్నం దాటాక ఇంకోటి ఉందిలే అని నాయన తనకు తనే చెప్పుకున్నాడు. వాన కూడా అమ్మ పక్షాన చేరినట్టు ఒక్కసారిగా జోరందుకుంది, మేము రోడ్డు పక్కనే ఉన్న ఒక శిల్పాల షెడ్డులోకి పరుగెత్తాం.

లోపల ఉన్నది ఒకే మనిషి, ఓబులాచారి. తల మొదలు కాళ్ల దాకా రాతిపొడితో తెల్లగా ఉన్నాడు, కనుబొమల మీద కూడా పొడే. నాయన నుదుటి బొట్టూ వేలి ఉంగరమూ చూసి మేమెవరో పోల్చుకున్నాడు. "రా సెట్టీ, పిల్లోల్లు తడుస్తాండారు, లోపలికి రాండి," అని సుత్తి పక్కన పెట్టాడు. షెడ్డు నిండా దేవుళ్లు. ముఖం లేని వినాయకుడు, చేతులు ఇంకా రాతిలోంచి బయటికి రాని అమ్మవారు, వరసగా గోడకు ఆనించిన ఆంజనేయులు. నడిమధ్యన, నేల మీద వెల్లకిలా పడుకోబెట్టిన పెద్ద నరసింహస్వామి. జూలు అయింది, కోరలు అయ్యాయి, కళ్లు మాత్రం ఇంకా నున్నగా ఉన్నాయి. రేకుల సందుల్లోంచి కారిన వాన నేల మీది పొడిని పాలలా చేసి పారిస్తోంది. నిన్న మా వీధిలో తగిలింది ఆ వాసనే.

జేజి గబగబా సంచి విప్పి టెంకాయ తీసింది. స్వామి దగ్గరికి మేము పోలేకపోతే స్వామే ఇక్కడ పడుకుని కనిపించాడని ఆమెకు ఒళ్లు పులకరించింది. ఓబులాచారి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకా కండ్లు తెరవలేదవ్వా. అందాకా అది రాయే. టెంకాయ పక్కరాయి మీద కొట్టుకోని తినండి. ఆనుకోని కూచ్చోండి, ఏం కాదు."

"నరసింహసామికి వీపు ఆనించేదా?" అని జేజి చెంపలు వాయించుకుంది. మా తమ్ముడు మాత్రం అప్పటికే స్వామి పొట్ట మీద ఎక్కి కూర్చున్నాడు. జేజి వాణ్ని దించింది, వాడు మళ్లీ ఎక్కాడు. చివరికి ఆమె నడుము నొప్పే గెలిచింది. నల్లమల ఏ వైపు ఉందో ఆచారిని అడిగి, అటు తిరిగి మబ్బులకు దండం పెట్టి, తప్పు కాయమని గట్టిగానే చెప్పుకుని, సింహం భుజానికి ఆనుకుని కాళ్లు చాపింది.

అమ్మ సద్ది విప్పింది. దేవుళ్ల మధ్య, రాతి ముక్కల మీద ఆకులు పరిచి, అహోబిలం మెట్ల మీద తినాల్సిన అన్నం అక్కడ తిన్నాం. చిత్రాన్నంలో బుడ్డలు ఇంకా కరకరమంటున్నాయి. వద్దు వద్దంటూనే ఓబులాచారి భక్ష్యాలు రెండు మార్లు వేయించుకున్నాడు. ఊరుబిండి కారానికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగి, చెంపల మీది పొడిలో చారలు పడితే తమ్ముడు చప్పట్లు కొట్టాడు. టెంకాయ రాతి మీద కొట్టి బెల్లంముక్కతో నమిలాం. తిండి అయ్యాక ఆచారి ఉలులు కాచుకునే కొలిమి మీద మూకుడు పెట్టి తన చేని పచ్చి బుడ్డలు కాల్చి మా ఒళ్లో పోశాడు. ఎన్ని పెళ్లిళ్లలో ఎన్ని విందులు తిన్నా, ఆకలి తీరినట్టు నాకు జ్ఞాపకం ఉన్నది ఆ రోజే.

తిన్నాక నాయన లేచి, చేతులు ఊరికే ఉండలేక, నిలబెట్టి ఉన్న ఒక రాతిపలకను వేలి కణుపుతో కొట్టాడు. టంగుమంది. చెవి ఒగ్గి విని, అంగడిలో పెళ్లివాళ్లకు చెప్పే ధీమాతో "మంచి రాయప్పా ఇది, కంచు మోగినట్టు మోగుతాంది," అన్నాడు.

ఓబులాచారి నవ్వు ఆపుకోలేకపోయాడు. "మోగింది రాయి కాదు సెట్టీ, నీ ఉంగరం. అది తీసి కొట్టు."

ఉంగరం తీసి కొడితే బద్దుమంది. నాయన ఒక్క నిమిషం బిత్తరపోయి, తర్వాత ఎంత నవ్వాడంటే, మా నాయనకు అన్ని పళ్లున్నాయని నాకు అప్పుడే తెలిసింది. అంగడిలో నవ్వు వేరు, అది బేరం నవ్వు. ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. షెడ్డులో ఉన్న ప్రతి రాతినీ కొట్టి చూశాడు. ఏది ఎలా పలుకుతుందో ఆచారి చెబుతుంటే తన గిన్నెల సంగతి తను చెప్పాడు. పనికిరాని ముక్క ఒకటి తీసుకుని, సుత్తి, ఉలి అడిగి, పంచె ఎగ్గట్టి కూర్చుని ఠకఠకా మొదలుపెట్టాడు. ఏం చెక్కుతున్నావని తమ్ముడు అడిగితే చెంబు అన్నాడు.

అప్పుడు చూశాను, అమ్మ నిద్రపోతోంది. ఖాళీ క్యారియరు పక్కన పెట్టుకుని, నరసింహస్వామి ఇంకో భుజానికి తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, హాయిగా నిద్రపోతోంది. పగటిపూట అమ్మ కళ్లు మూసుకోవడం నేను అంతకుముందు చూడలేదు. జ్వరమొచ్చినప్పుడు కూడా ఆమె పొయ్యి ముందే ఉండేది. తుంపర ఆమె కాళ్ల మీద పడుతుంటే నాయన లేచి, గొడుగు తెరిచి అడ్డంగా పెట్టి, ఏమీ జరగనట్టు మళ్లీ తన చెంబు దగ్గర కూర్చున్నాడు.

కాసేపటికి మధ్యాహ్నం బస్సు వచ్చింది. షెడ్డులోకి స్పష్టంగా కనిపిస్తూ, నంద్యాల బోర్డు పెట్టుకుని, మమ్మల్ని చూసి వేగం తగ్గించి హారన్ కొట్టింది. చెయ్యి ఊపితే ఆగేదే. నాయన బస్సును చూశాడు. నిద్రలో కదిలిన అమ్మను చూశాడు. "నాయనా, బస్సు," అని తమ్ముడు అరవబోతే వేలు పెదవుల మీద పెట్టుకుని, "పోనీలేరా, సాయంత్రం ఇంకోటి ఉండాది," అన్నాడు. బస్సు నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. మా నాయన మీద నాకు అంత ప్రేమ కలిగిన రోజు ఇంకోటి లేదు.

అమ్మ లేచేసరికి వాన వెలిసి, తడి రోడ్డు మీద పల్చటి ఎండ పడింది. బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం బస్సు దాకా ఆళ్లగడ్డ వీధులన్నీ తిరిగాం. అమ్మ గాజులంగడి ముందు ఎంతసేపు నిలబడ్డా నాయన తొందరపెట్టలేదు. వేడి వేడి మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఇంటికి వచ్చేసరికి మా అందరి పాదాలూ మడమల దాకా తెల్లగా ఉన్నాయి.

మరుసటి ఏడు ఆకాశం నిర్మలంగా ఉంది, వాగు ఒట్టిపోయి ఉంది, దర్శనం చక్కగా అయింది. దర్శనం కాగానే, మనం ఆచారి షెడ్డులో తిందామని అన్నది నాయనే. ఇక ఆ సద్ది మాటకు వస్తే, ఆయన దాన్ని ఎంత గట్టిగా నమ్మాడంటే, అంగడిలో క్యారియరు కొన్న ప్రతి ఆడమనిషికీ చెప్పేవాడు: "సద్ది కట్టుకోని పోతే బయటనే విప్పాలమ్మా, కట్టినట్టే ఇంటికి తేవాకండి, మంచిది కాదు." మా అంగడి క్యారియర్లతో పాటు ఆ శాస్త్రం కూడా ఎన్ని పల్లెలకు పోయిందో నాకు తెలియదు.

జేజి పోయిన చాలా ఏళ్లకు, నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక, ఒకరోజు భక్ష్యాలు వత్తుతూ అమ్మను అడిగాను, ఆ ఆచారం మనకు ఏ కాలం నుంచి ఉందని.

"యాడి ఆచారమే? నాకు ఇంటికి పోబుద్ధి కాలేదు, అంతే."

"మరి జేజి అవునంది గదా?"

అమ్మ పిండి ముద్ద చేతిలో ఆపి నన్ను వింతగా చూసింది. "మీ జేజికి మాత్రం పోబుద్ధయిందా?"

జేజి కూడా అదే ఇంట్లో, అవే గిన్నెల వెనక, అదే వెలుతురు ముక్క చూస్తూ ముసలిదయిందని నాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

ఇప్పుడు అమ్మ లేదు, నాయన లేడు. మా అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, ఏ వస్తువునూ ఎవరూ కొట్టి చూసి కొనరు. ఆళ్లగడ్డలో శిల్పాలకేం తక్కువ లేదు, ఇంకా ఎక్కువే అయ్యాయి, కానీ చాలా షెడ్లలో మిషన్ల రొద. ఆ మధ్య వెళ్లినప్పుడు ఉలి చప్పుడు వినడానికి రోడ్డు వెంబడి చాలా దూరం నడవాల్సి వచ్చింది. ఓబులాచారి షెడ్డు ఏదో పోల్చుకోలేకపోయాను. పచ్చి బుడ్డలు కొలిమి మీద కాల్చిన రుచి గ్యాసు పొయ్యి మీద రాదు, ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు. వీటన్నిటికీ నాకు బాధ ఉంది, లేదని చెప్పను.

ఒక్కటి మాత్రం పోయినందుకు నాకు చింత లేదు. మా కోడలు ఆదివారం పొద్దున స్కూటీ తాళం తీసుకుని "అత్తా, మహానంది దాకా పోయొస్తా," అని చెప్పి బయల్దేరుతుంది. అడగదు, చెబుతుంది. వాన పడితే యాడో ఒకచోట ఆగుతుంది, తగ్గాక ముందుకే పోతుంది, ఇంటికి ఫోన్ చేసి ఏ శాస్త్రమూ చెప్పదు. ఆ బండి మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గరే నిలబడి చూస్తాను. అమ్మ ఉండి ఉంటే, సద్ది కట్టుకునేదాకా కూడా ఆగకుండా, ఆ బండి వెనక ఎక్కి కూర్చునేది.